మూగబొమ్మల కాలంలో కరీంనగరపు కథానాయకుడు



రేడియోలో మాట ఉన్నది, బొమ్మ లేదు. తొలినాటి సినిమాలో బొమ్మ ఉన్నది, మాట లేదు. ఆ మూగచిత్రాల కాలంలో ప్రణయనాయకుడుగా వెలుగొందిన పైడి జైరాజ్ 1909లో కరీంనగరంలో జన్మించినవారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, బొంబాయి చేరి, 1929లో తెరమీదికి వచ్చారు. ఆ సంవత్సరమే 'రసీలీ రాణి'లో కథానాయకులైనారు.

అప్పటికి హాలీవుడ్‌లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ గోడలు దుముకుతూ, ప్రేయసిని నవ్విస్తూ లోకాన్ని అలరిస్తున్నాడు. ఆ ఒరవడి బొంబాయికీ పాకింది. మూగచిత్రానికి కనుసన్నయే సంభాషణ. అందువల్ల నటుని మాతృభాష ఏదని ఎవరూ అడుగలేదు.

1931లో 'ఆలం ఆరా'తో తెరకు మాట వచ్చింది. మూగతారలు పెక్కుమంది మరుగున పడినారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో పెరిగిన జైరాజ్‌కు ఆ సంభాషణలు కొత్త కాలేదు. ఆయన నిలిచారు. 1963లో హాలీవుడ్ దర్శకుడు మార్క్ రాబ్సన్ తీసిన 'నైన్ అవర్స్ టు రామా'లోనూ నటించారు. 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొంది, 2000లో కన్నుమూశారు.

అయితే మన దేశపు మూగచిత్రాలలో మిగిలినవి బహు స్వల్పం. నైట్రేట్ ఫిలిం నిప్పంటుకొంటే ఆగదు. ఊరకుంచినా పొడి అయిపోతుంది. కొన్నింటిని వెండికోసం కరిగించినారు కూడా. బొమ్మ పోయిన చోట కాగితమే సాక్షి. కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాలలోని పాత పెట్టెలలో సినిమా కరపత్రమో, ఛాయాచిత్రమో కనిపిస్తే పారవేయకండి. అది మన ఊరి చరిత్ర.