వెనుక చక్రము విప్పుట

(గత ఆదివారము సాయంకాలము మనలిలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన సమావేశములలో పెద్దలు శతకములను గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట వాడుక. ఈ ఊరిలో అది న్యాయమే. ముత్తుస్వామి దీక్షితులవారి తండ్రి రామస్వామి దీక్షితులవారు మనలి ముదలియార్ల ఆదరమున ఇక్కడ నివసించినవారు. తెలుగున నూటయెనిమిది రాగతాళముల మాలిక నల్లినవారు. మనకు తూర్పుననున్న తిరువొత్తియూరున త్యాగరాజస్వామి త్రిపురసుందరీదేవిపై ఐదు కృతులను చెప్పెను. అట్టి తావున నిలిచి నట్టులను, బోల్టులను గూర్చి మాటలాడుట సాహసమని యెరుగుదును. కాని కార్యదర్శిగారు, "మీకు తెలిసినదే చెప్పుడు" అనిరి. నలువది యేండ్లు మోటారు సైకిళ్ల షెడ్డులలో పని చేసినవాడను. నాకు తెలిసినది ఇదియే.

తిరువొత్తియూరు పేరెత్తితిని గనుక ఒక మాట. 1946లో అక్కడ ఒక చిన్న పాకలో పిల్లలాడుకొను రబ్బరు బుడగలు చేయ మొదలుపెట్టిన సంస్థయే తరువాత ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కంపెనీ యయ్యెను. 1955లో మద్రాస్ మోటార్స్ వారును, ఇంగ్లండున రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ వారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను అక్కడనే నెలకొల్పిరి. మన సైన్యము సరిహద్దుల కాపలాకై బుల్లెట్ బండ్లను కోరుటయే దానికి మూలము. మొదట భాగములు ఇంగ్లండు నుండి పెట్టెలలో వచ్చుచుండగా ఇక్కడ కూర్చుచుండిరి. 1962 నాటికి భాగములన్నియు ఇక్కడనే తయారయ్యెను. ఇంగ్లండు కంపెనీ 1970 ప్రాంతమున మూతపడినను తిరువొత్తియూరు బుల్లెట్టు ఆగలేదు. 1994లో అది ఐషర్ వారి చేతికి వచ్చెను. 2013లో ఒరగడమున కొత్త కర్మాగారము వెలిసెను. బండియు, దాని టైరును మన పొరుగూరివే యన్నమాట. అయినను మనలో ఎంతమందికి ఆ చక్రమును విప్పుట తెలియును? చేతులెత్తుడనిన నాలుగు చేతులకంటె లేవవని నా యనుమానము.

"మెకానిక్కు ఉండగా మాకెందుకు?" అని మీరడుగవచ్చును. చక్రమును మీరే విప్పవలెనని నేననను. విప్పినవాడు దానిని సరిగా మరల బిగించెనో లేదో చూచుకొనుటకైనను తెలిసియుండవలెనని యందును. అట్లు చూచుకొననందున జరిగినది ఒకటి చెప్పెదను. అందులో తప్పు నాది.

అప్పటికి నాకు పదునేడేండ్లు. ఈ ప్రాంతమున ఒక షెడ్డులో పని నేర్చుకొనుచుంటిని. మాధవరము నుండి పాలు తెచ్చి అమ్ము ఒక పెద్దాయన, మన తెలుగువాడే, తన రాజ్‌దూత్ బండిని తెచ్చి, వెనుక బ్రేకు పట్టుట లేదనెను. బండికి ఇరుప్రక్కల పాల క్యానులు. తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరవలసినవాడగుటచే ఆ రాత్రియే పని ముగియవలెను. మేస్త్రిగారు భోజనమునకు పోవుచు, "షూలు మార్చి బిగించురా" అని నాకు చెప్పిరి. నేను చక్రము విప్పితిని, షూలు మార్చితిని, మరల బిగించితిని. చక్రము చక్కగా తిరిగెను. నాకెంతో గర్వము కలిగెను.

మరునాడు మనలి చెరువు మలుపున ఆయన బ్రేకు త్రొక్కగా, వెనుక చక్రము రాయివలె బిగిసిపోయెను. బండి ప్రక్కకు జారినది. పాలన్నియు రోడ్డు పాలయ్యెను. ఆయనకు భుజముకడ ఎముక విరిగెను. వెనుక లారీ ఏదియు రాకుండుట ఆయన అదృష్టము, నా యదృష్టము కూడ. నాలుగవ దినమున చేతికి కట్టుతో మా షెడ్డునకు వచ్చెను. కేకలు వేయుననుకొంటిని. "ఏరా అబ్బీ, మొన్న నీకొక నట్టు మిగిలినదా?" అని మాత్రము అడిగెను. నేను కిరసనాయిలు డబ్బాలో చేయి పెట్టి చూచితిని. మిగిలియుండెను.

ఆ నట్టు దేనిదో చెప్పవలెనన్నచో వెనుక చక్రపు నిర్మాణము కొంచెము వివరింపవలెను.

చక్రము నడుమ హబ్బు. దానిగుండ పోవు ఇనుపకడ్డీ యాక్సిలు. ఒక ప్రక్క చైను పండ్ల చక్రము, దానినే స్ప్రాకెట్ అందురు. డ్రమ్ము బ్రేకు గల బండ్లలో డ్రమ్ము చక్రముతో తిరుగును. రెండు బ్రేకు షూలను మోయు మూతపళ్లెము మాత్రము తిరుగరాదు. బ్రేకు త్రొక్కినప్పుడు షూలు విచ్చుకొని తిరుగు డ్రమ్మును పట్టుకొనును. అప్పుడు డ్రమ్ము ఆ పళ్లెమును కూడ తనతో త్రిప్పుకొనిపోవ జూచును. దానిని పోనీయక పట్టి నిలుపునది ఒక చిన్న కడ్డీ. ఒక కొన పళ్లెమునకు, రెండవ కొన చక్రమును మోయు చట్రమునకు బిగించియుండును. టార్క్ రాడ్డని దానికి పేరు. కొన్ని బండ్లలో కడ్డీకి బదులు పళ్లెపు గాడి చట్రముమీది దిమ్మెలో కూర్చుండును. ఆ కడ్డీ నట్టునే నేను మరచితిని. ఒక దినము బోల్టు ఎట్లో నిలిచినది, తరువాత ఊడినది. బ్రేకు త్రొక్కగానే పళ్లెము గిరగిర తిరిగి, బ్రేకు రాడ్డును లాగుకొని, చక్రమును కట్టివేసినది. నేడును ఏ షెడ్డు నుండి బండి తెచ్చుకొన్నను మొదట వంగి ఆ నట్టును చూచెదను. మీరును చూడుడు. దానికి పిన్నుండవలసిన బండియైనచో పిన్ను ఉన్నదా, దాని కాళ్లు వంచియున్నవా అనికూడ చూడుడు.

ఇక పని తీరు. ఎక్స్‌ప్రెస్ రోడ్డుమీద పంక్చరయినచో అక్కడనే కూర్చుండి విప్పకుడు. రాత్రింబవళ్లు కంటెయినరు లారీలు పోవు దారి యది. టైరు పాడయినను పరవాలేదు, బండిని మెల్లగా నడిపించుకొని సందులోనికి తెండు. టైరు వెల కంటె మనిషి వెల ఎక్కువ.

యాక్సిలు నట్టును, బండి రెండు చక్రములపై నేలమీద నిలిచియుండగానే, ఒకమారు వదులు చేయవలెను. స్టాండు వేసిన తరువాత పెద్ద స్పానరుతో బలముగా లాగినచో బండి మీదపడును. అటుపిమ్మట సెంటర్ స్టాండు వేయవలెను. నేటి బండ్లలో పెక్కింటికి సెంటర్ స్టాండే లేదు. వాటికి వెనుకనుండి ఎత్తు ప్రత్యేకపు స్టాండు కావలెను. ఇటుకలు పేర్చి నిలుపువారిని చూచితిని. ఆ ఇటుకలు జారుటను కూడ చూచితిని.

విప్పుటకు ముందు యాక్సిలు ఎక్కడ నున్నదో సుద్దముక్కతో ఇరుప్రక్కల గుర్తు పెట్టుకొనుడు. చైను బిగువును సవరించు మరలు రెండువైపుల నుండును. పాత బుల్లెట్టుకు నత్తగుల్లవంటి బిళ్లలు, అంచున పండ్లతో నుండును. ఎన్నవ పంటిమీద నున్నవో ఎంచుకొనవలెను. తరువాత బ్రేకు రాడ్డు చివరి నట్టు, ఆపైన మనము చెప్పుకొన్న టార్క్ రాడ్డు, పిమ్మట చైను. చక్రమును ముందునకు త్రోయగా చైను వదులై, తెరువకుండనే పండ్లమీదినుండి దిగివచ్చిన మేలు. తెరువవలసివచ్చినచో దాని లాకు చిన్న చేపవలె నుండును: ఒక కొన మూసియుండును, రెండవ కొన తోకవలె చీలియుండును. మరల పెట్టునపుడు చైను పోవు దిక్కునకే చేప తల ఉండవలెను. తల వెనుకకు పెట్టినచో ఏ పుల్లయో తగిలి తోక విచ్చుకొనును. చైను నడిరోడ్డున తెగును. తెరచిన చైనును ముందరి స్ప్రాకెట్ నుండి లాగివేయకుడు. రెండు కొసలను తీగతో కట్టి వ్రేలాడనిండు. లాగివేసినచో దానిని మరల లోపలికెక్కించుటకు అరపూట పట్టును.

యాక్సిలును లాగునపుడు ఇరుప్రక్కల నుండి చిన్న గొట్టములు రాలును. షెడ్డులలో వీనిని బుష్షులందురు. కుడిదానికిని ఎడమదానికిని పొడవులో తేడా యుండును. తారుమారైనచో చక్రము నడుమకు రాదు, చైను వంకరగా నడచును. మా మేస్త్రిగారి పద్ధతి యేమనగా, తీసిన యాక్సిలుకే ఆ బుష్షులను, వాషర్లను వచ్చిన వరుసలోనే పూలు గ్రుచ్చినట్లు గ్రుచ్చి, నట్టు పెట్టి ప్రక్కనుంచుట. నా డబ్బా పద్ధతి కంటె అది ఎంత మేలో నాకు తెలిసివచ్చినది.

కొన్ని బండ్లలో స్ప్రాకెట్ చట్రమునందే నిలిచియుండి చక్రము మాత్రమే ప్రక్కకు వచ్చును. అప్పుడు నడుమ రబ్బరు ముక్కలు కనబడును. ఇంజను ఊపును చైను నుండి చక్రమునకు మెత్తగా అందించునవి అవియే. గేరు మార్చినప్పుడెల్ల "డక్కు"మని కుదుపు వచ్చుచున్నచో దోషము తరచుగా వీనియందే యుండును. పంక్చరు కొరకు విప్పినను ఒకమారు వీనిని నొక్కి చూడుడు. బేరింగులో వ్రేలు పెట్టి త్రిప్పుడు, గరగరలాడినచో మార్చవలెను. ఈ రెండింటికిని ఖర్చు స్వల్పము, చక్రము ఎట్లును చేతిలోనే యున్నది.

డ్రమ్ములోని నల్లని ధూళిని మేము నోటితో ఊది, చొక్కాతో తుడిచెడివారము. పాత బ్రేకు షూల పూతలో ఆస్‌బెస్టాస్ కలిపెడివారు. దాని నూలుపోగులు ఊపిరితిత్తులకు చేయు హాని నేడు అందరకు తెలిసినదే. నాతో పని చేసినవారిలో దగ్గుతో పోయినవారున్నారు. కారణమిదియే యని చెప్పజాలను గాని, ధూళిని ఊదకుడు. తడిగుడ్డతో తుడువుడు, ఆ గుడ్డను పారవేయుడు. షూలమీద గ్రీజు చేయి పెట్టకుడు.

తిరిగి బిగించుట విప్పిన వరుసకు తలక్రిందు. సుద్దగుర్తులకు యాక్సిలును చేర్చి, చైను క్రింది భాగమును నడిమధ్య వ్రేలితో ఎత్తి చూడవలెను. పెక్కు బండ్లకు ఒక అంగుళము ఆట యుండవలెను. సరియైన కొలత బండి పుస్తకములో నుండును. చైను అంతటను ఒకే తీరుగా అరుగదు. కనుక చక్రమును త్రిప్పుచు నాలుగుచోట్ల చూచి, బిగువెక్కువగా నున్నచోట కొలువవలెను. అటుపిమ్మట యాక్సిలు నట్టు, టార్క్ రాడ్డు, బ్రేకు రాడ్డు. బండి కదలకమునుపు బ్రేకును పదిమార్లు త్రొక్కి చూడవలెను.

డిస్కు బ్రేకు వచ్చిన తరువాత కొన్ని మారినవి. చక్రము బయటనుండగా బ్రేకు త్రొక్కితిరా, లోపలి ప్యాడులు దగ్గరకు వచ్చి డిస్కును లోనికి రానీయవు; నడుమ ఒక చెక్కముక్క పెట్టుట మంచిది. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి.కి మించిన కొత్త బండ్లన్నిటికి ఏ.బి.ఎస్. తప్పనిసరియైనది. దాని సన్నని తీగ హబ్బు ప్రక్కనే యుండును. చక్రమును గుడ్డిగా లాగినచో అది తెగును. ట్యూబులేని టైర్లు వచ్చుటచే చిన్న పంక్చరుకు చక్రము విప్పవలసిన పనియే తగ్గినది. మా వృత్తికి నష్టమే గాని, రోడ్డుప్రక్క కూర్చుండు అపాయము తప్పినది, నాకు సంతోషమే.

మాటలను గూర్చి ఒకటి చెప్పి విరమించెదను. మా షెడ్డులలో భాష మూడు పాళ్లు ఇంగ్లీషు, కొంత అరవము, కొంత తెలుగు. అరవమువారు మరచుట్లను "మరై" యందురు. మతి తప్పినవానిని "మరై కళండవన్" అని నవ్వుదురు. మన మరమేకులోని "మర"యు దానికి చుట్టమే. మర వదులైనవాడెవడో ఆ రాత్రి నాకు బాగుగా తెలిసినది. పాల పెద్దాయన మాత్రము తరువాత కూడ మా షెడ్డునకే వచ్చుచుండెను. నేను బిగించిన ప్రతిమారును, వంగి తన వ్రేలితో ఆ నట్టును తాకి చూచి, ఏమియు అనక పోవుచుండెను.

పందిరి వెనుక ఒక పాత బుల్లెట్టును నిలిపితిమి. ప్రసంగమైన వెంటనే దాని వెనుక చక్రమును విప్పి బిగింతము. ఆడపడుచులు కూడ రావచ్చును. నేడు స్కూటర్లు నడుపువారిలో వారే ఎక్కువగా కనబడుచున్నారు. చేతులు నల్లబడును గనుక పాతగుడ్డ ఒకటి తెచ్చుకొనుడు. నట్టులను లెక్కపెట్టుట నా పని కాదు, మీది. సెలవు.