చిన్న సంస్థలు – కోడు వ్రాయు యంత్రములు
(హైదరాబాదులో చిన్న సాఫ్టువేరు సంస్థల యజమానుల సభయందు చేసిన యుపన్యాసము)



అయిదుగురితో సాఫ్టువేరు సంస్థ నడచునా యని మీలో కొందఱు నన్నడిగియున్నారు. నడచును. అందులకు కృత్రిమ మేధ వచ్చువఱకు ఆగవలసిన పనియు లేకుండెను. 2012లో ఫేస్‌బుక్కువారు 100 కోట్ల డాలర్లకు కొనునప్పటికి ఇన్‌స్టాగ్రాములో పనిచేయువారు 13 మంది. 2014లో వాట్సాపును కొనునాటికి అందుగలవారు ఇంచుమించు 55 మంది. ఆ కొద్దిమందియే 45 కోట్ల ప్రజల సందేశములను మోయుచుండిరి. మన దేశముననే బెంగుళూరిలోని జెరోధా సంస్థ, బయటి పెట్టుబడి యొక్క రూపాయియైన తీసికొనక, ఇంచుమించు 30 మంది సాంకేతిక నిపుణులతో కోటిమందికి పైబడిన ఖాతాదారుల వ్యవహారమును నడపినది. వీరందఱు కొద్దిమందితో నెగ్గుకొని వచ్చుటకు కారణము, అక్కఱలేని పనులను నెత్తిన వేసికొనకుండుటయే.

ఇందలి గుట్టును ఫ్రెడరిక్ బ్రూక్సు 1975లోనే తన గ్రంథమున విప్పి చెప్పెను. ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చినకొలది అది మఱింత ఆలస్యమగునని ఆయన యనుభవము. అయిదుగురున్నచోట ఒకరితో నొకరు మాటలాడుకొనవలసిన జంటలు 10. ఏబదిమంది యున్నచోట 1,225. మన నగరమున తలల లెక్కనుబట్టియే విదేశీయులకు బిల్లు వ్రాయు నలవాటు చిరకాలము సాగినందున, ఈ లెక్క మనకంతగా రుచింపలేదు.

ఇక యంత్రముల మాట. 2021లో గిట్‌హబ్ వారి కోపైలట్ కొందఱి చేతికి వచ్చినది. 2022 నవంబరులో ఛాట్‌జీపీటీ వెలువడినది. నేటి యుపకరణములు సంస్థయొక్క కోడంతయు చదివి, మార్పులు వ్రాసి, పరీక్షలు నడపి, తప్పినచో తిరిగి దిద్దుచున్నవి. కోడు వ్రాయుట చౌకయైనది. చదువుట మాత్రము చౌక కాలేదు! ఒక దినమున యంత్రము వ్రాసి పడవేసిన దానిని అర్థము చేసికొని చదువుటకు మనిషికి వారము పట్టవచ్చును. చదువకయే లోనికి రానిచ్చిన కోడు, పత్రము చూడక చేసిన సంతకము వంటిది.

2025లో మెటర్ అను పరిశోధనసంస్థవారు అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లకు, వారెఱిగిన కోడులోనే, 246 పనులిచ్చి చూచిరి. ఉపకరణములు వాడనిచ్చినపుడు వారికి 19 శాతము ఎక్కువ కాలము పట్టినది. వింత యేమనగా, పని ముగిసిన పిమ్మట సైతము తమకు 20 శాతము కాలము కలసివచ్చినదనియే వారు తలచిరి. ఆ యుపకరణములు 2025 ఆరంభమునాటివి. నేటివానికి ఆ యంకె వర్తింపకపోవచ్చును. అయినను, వేగమును గూర్చి మన మనస్సు చెప్పు సాక్ష్యము చెల్లదని మాత్రము తేలినది. గడియారము పెట్టి కొలువుడు.

ఆ యేడు జులైలోనే అమెరికాలో నొక యంత్రము, మార్పులేవియు చేయవలదని చెప్పియున్నను, నడచుచున్న డేటాబేసును తుడిచివేసినది. దోషము యంత్రముదా యని వాదింప నవసరములేదు. ఖజానా తాళము దానిచేతి కిచ్చినదెవరు? లోనికి వచ్చు ప్రతి మార్పునకును పేరుగల మనిషి యొకడు బాధ్యుడై యుండవలెను. బ్యాకప్పు తీయుటతో తృప్తిపడక, నెలకొకసారి దానినుండి సమస్తమును తిరిగి నిలిపి చూడవలెను.

అద్దె యెడ్లతో సేద్యము చేయువాడు ఎడ్ల యజమాని మాట వినక తప్పదు. మేలైన యంత్రములలో పెక్కు కొలదిపాటి అమెరికా సంస్థల చేతిలో నున్నవి. వెలయు, షరతులును వారివే. బహిరంగముగ లభించు క్వెన్, మిస్ట్రాల్, డీప్‌సీక్ వంటి మోడళ్ళను మన యంత్రములపైననే నడపుకొనవచ్చును. శక్తి కొంత తక్కువైనను అలవాటు చేసికొనుట మంచిది.

అన్నిటికంటె నన్ను కలచునది వేఱొకటి. యంత్రము వ్రాసినది చూడగనే "ఇది యిక్కడ విఱుగును" అని చెప్పగల నిపుణుడు ఎట్లు తయారయ్యెను? పదియేండ్లు చిన్నపనులు చేసి, తిట్లు తిని, రాత్రులు దోషములు వెదకి తయారయ్యెను. ఆ చిన్నపనులే నేడు యంత్రము చేయుచున్నది. 2025లో టీసీఎస్‌వారు 12,000 మందికి పైగా ఉద్యోగులను తగ్గింతుమని ప్రకటించి, కారణము యంత్రము కాదనిరి. కావచ్చును. ఐనను మన జిల్లాలనుండి ఇంజనీరింగు పట్టముతో వచ్చు పిల్లవానికి మొదటి మెట్టు కానవచ్చుట లేదు. పొలము తాకట్టుపెట్టి చదివించిన తండ్రికి ఏమి చెప్పుదము?

నేర్పుట కళాశాలల పని యని కొందఱందురు. నడచుచున్న సంస్థలో, ఖాతాదారుడు ఫోనుచేసి కోపించునపుడు నేర్చునది కళాశాలలో నేర్వ శక్యముకాదు. అయిదుగురి సంస్థలన్నియు కొత్తవానికి తలుపు మూసినచో, మఱి పదియేండ్లకు యంత్రముల కోడును చదువువారు మీకెక్కడ దొరకుదురు?

జీతము భారమనుట నిజము. కావున మూడు సంస్థలు కలసి యొక కొత్తవానిని తీసికొని, నాలుగేసి నెలలు తమయొద్ద నుంచుకొనవచ్చును. మొదటి రెండు నెలలు యంత్రమును ముట్టనీయక, దోషములను చేతితో వెదకనిండు. పిమ్మట యంత్రము వ్రాసినదానిలో తప్పులు పట్టు పని యొసగుడు. జీతము మూడు పాళ్ళు. ఇందుల కొప్పుకొనువారు సభ ముగియునప్పటికి కార్యదర్శిగారికి పేర్లు వ్రాసియిచ్చినచో, ఈ వేసవిలో పరీక్షలు ముగించి వచ్చువారిలోనుండియే ఎన్నిక మొదలుపెట్టవచ్చును.