ఈగ మెదడుకు పక్కనుంచి వెలుగు

(సైన్సు సభలో చేసిన ప్రసంగ పాఠం)



అరటిపండు మగ్గితే ముసిరే చిన్న ఈగలు మనందరికీ తెలుసు. చేత్తో తోలేస్తాం. అమెరికాలో మోర్గాన్ అనే శాస్త్రవేత్త వాటినే సీసాల్లో పెంచి, జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని తేల్చాడు. 1933లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఆ ఈగ మెదడు గసగసాల గింజంత. అందులో లక్షా 39 వేలకు పైగా నాడీకణాలున్నాయని 2024లో లెక్క తేలింది. మరి అంత చిన్నదాని లోపల చూడటమెట్లా? కోస్తే అల్లిక చెడిపోద్ది. మొత్తానికీ వెలుగు కొడితే అంతా మసకమసకగా కనపడుద్ది. పైగా బతికున్న కణాలు ఆ వెలుగుకే దెబ్బతింటాయి.

దీనికి కిటుకు మన ఇళ్లల్లోనే ఉంది. చీకటి గదిలోకి తలుపు సందులోంచి ఎండ పడితే, ఆ పలచని వెలుగులో దుమ్ము ఆడుతూ కనపడుద్ది. దుమ్ము గదంతా ఉంది. కానీ వెలుగు తగిలిన పొరలోదే కంటికి ఆనుద్ది. ఇట్లా పక్కనుంచి వెలుగు పెట్టే 1903లో జీడెంటోఫ్, జిగ్‌మాండీ అనేవాళ్లు గాజులోని బంగారు రేణువుల్ని చూశారు. 2004లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్తలు బతికున్న ఈగ పిండం పెరగడాన్ని చూశారు. లేజరు కాంతిని పొరలాగా పరిచి పక్కనుంచి పంపుతారు. కెమెరా పైనుంచి చూస్తుంది. పొర తర్వాత పొర ఫోటో తీసి కంప్యూటరులో పేరుస్తారు. దీన్నే లైట్ షీట్ మైక్రోస్కోపు అంటారు.

2019లో అమెరికా శాస్త్రవేత్తలు ఇంకో అడుగేశారు. ఈగ మెదడును జెల్‌లో పెట్టి ఉబ్బించారు. పసిపిల్లల డైపర్లలో నీళ్లు పీల్చే పదార్థమే అది. అన్ని వైపులకీ నాలుగింతలు సాగింది, అంటే మొత్తం మీద 64 రెట్లు. చూడాల్సిన కణాలకు మెరిసే గుర్తు పట్టించి, డోపమైన్ తయారుచేసే నాడులను మెదడంతటా చూశారు.

దీంతో మనకేం పని అంటారా? మనుషుల మెదడులో అట్లాంటి కణాలు చచ్చిపోతేనే పార్కిన్సన్స్ జబ్బు వస్తుంది. చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుపోద్ది. అట్లాంటి ముసలాళ్లను చూసి మనూళ్లల్లో ఏమంటున్నాం? పోయిన జన్మ పాపమంటున్నాం, ఎవరో చేతబడి చేశారంటున్నాం. పాపం కాదు, చేతబడీ కాదు. అది నాడీకణాల జబ్బు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. ఈగ మెదడు ఫోటో కూడా మందు కాదు. కానీ వణుకు తగ్గించే మందులున్నాయి. తాయెత్తుకు పెట్టే డబ్బుతో డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

పిల్లలారా, నల్ల అట్టకు సన్నటి గాటు పెట్టి టార్చిలైటుకు అడ్డం పెట్టండి. గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు పాలు వేసి, చీకట్లో ఆ వెలుగు పంపి పక్కనుంచి చూడండి. వెలుగు పొర ఎట్లా ఉంటుందో మీకే తెలుస్తుంది. మీ బడిలో మైక్రోస్కోపు బీరువాలో పెట్టి తాళమేసి ఉంటే, బయటికి తీయమని అడగండి. అది మీరు చూడటానికే కొన్నది.