మా జెన్ కారు – హాట్ హ్యాచ్ ముచ్చట
(నరసరావుపేటలో సంఘ వార్షిక సమావేశమందు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి పెద్దలు మాట్లాడారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "మీ కారు గురించి పది నిముషాలు చెప్పండి" అన్నారు. గుమస్తాకు కారేమిటని నవ్వకండి. అది 1998 మోడలు మారుతీ జెన్. కొంత జి.పి.ఎఫ్. అప్పు, కొంత మా ఆవిడ చీటీ డబ్బు కలిపి 2004లో సెకండ్‌హ్యాండులో కొన్నాను.

1974లో నేను గురజాలలో ఎల్.డి.సి.గా చేరిన నాటికి మాకు తెలిసిన కార్లు అంబాసిడరు, ఫియట్. ముందు ముక్కు, వెనుక డిక్కీ, మధ్యలో మనుషులు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీగారు మొదటి మారుతీ 800 తాళాలు అందజేశాక ఆ రూపం మారింది. డిక్కీ తోక పోయింది. వెనుక భాగమే తలుపులాగా పైకి లేస్తుంది, సీటు మడిస్తే రెండు మిరపకాయల టిక్కీలు పట్టేంత చోటు. దీన్నే హ్యాచ్‌బ్యాక్ అంటారు. అటువంటి కారులో గట్టి ఇంజను పెట్టి, స్ప్రింగులు బిగిస్తే 'హాట్ హ్యాచ్' అవుతుందట. నాకీ మాట నేర్పింది మా మనవడు.

దీనికి పేరు తెచ్చింది జర్మనీ. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 1974లో గోల్ఫ్ అనే కుటుంబ కారు తెచ్చింది. రూపం గీసినాయన ఇటలీ దేశస్థుడు జుజారో. ఆ కంపెనీలో కొద్దిమంది ఇంజనీర్లు పైవారి ఉత్తర్వు లేకుండానే, ఆఫీసు వేళలయ్యాక, దానికొక జోరైన నమూనా తయారుచేశారు. మన ఆఫీసుల్లో అయితే మెమో ఇచ్చేవారు. వాళ్ళు 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టి, 1976లో గోల్ఫ్ జి.టి.ఐ. పేరుతో అమ్మారు. 1.6 లీటర్ల ఇంజను, 110 హార్సుపవరు, బరువు 810 కిలోలు. సీట్లకు గళ్ళ గుడ్డ, గేరు పిడి మీద గోల్ఫ్ బంతి. అయిదు వేలు పోతే చాలనుకున్నారు. ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది. వారమంతా ఆఫీసుకు, బజారుకు తిరిగిన కారే ఆదివారం ధనవంతుల స్పోర్ట్సు కార్ల పక్కన తలెత్తుకు పరుగెత్తుతుంది. జనం మోజుపడింది అందుకే. 2025లో గోల్ఫ్ జి.టి.ఐ. మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ధర 50 లక్షల పైమాటే కనుక మనం ఆ ఫైలు క్లోజ్ చేద్దాం.

మన జెన్ 1993లో వచ్చి 2006 దాకా నడిచింది. 993 సి.సి. అల్యూమినియం ఇంజను, 50 హార్సుపవరు, అయిదు గేర్లు. ఇదే కారును సుజుకీ ఆల్టో పేరుతో యూరపుకు కూడా ఎగుమతి చేశారు. "తాతయ్యా, 50 హార్సుపవరుకు హాట్ హ్యాచ్ ఏమిటి?" అంటాడు మనవడు. లెక్క ప్రకారం వాడిదే రైటు. కానీ బరువు ముప్పాతిక టన్నే కదా! పిడుగురాళ్ళ రోడ్డులో సున్నం లారీ వెనుక దుమ్ము తింటూ, దారి ఖాళీ అవగానే మూడో గేరుకు దించి తొక్కితే, అది గిత్తదూడలా ఉరుకుతుంది. ముప్పై ఏళ్ళు అధికారుల జీపు వెనుక కూర్చున్నవాడికి ఆ ఉరుకు ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

అసలు చెప్పవలసింది ఇంకొకటి ఉంది. 55 దాటాక లైసెన్సు అయిదేళ్ళకొకసారి రెన్యూవల్, డాక్టరు సర్టిఫికెట్టు, మన సొంత డిక్లరేషను. నా కుడి కంట్లో పొర వస్తున్న సంగతి నాకు తెలుసు. అయినా చూపు బాగుందని రాసి సంతకం పెట్టాను. 36 ఏళ్ళు ఇతరుల అప్లికేషన్లలో తప్పులు పట్టినవాణ్ణి!

2019 కార్తీక సోమవారం కోటప్పకొండ నుంచి తిరిగి వస్తున్నాం. మునిమాపు వేళ. ముందు పత్తి ట్రాక్టరు ట్రక్కు, వెనుక ఎర్ర దీపం లేదు. లేకపోతేనేం, కుర్రవాడికైతే కనబడేది. ఎప్పటిలాగే జోరు మీదున్నాను. బ్రేకు మీద నిలబడ్డాను. కారు జానెడు దూరంలో ఆగింది, మా ఆవిడ నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకుంది. బెల్టు పెట్టుకోమని నేనూ అనలేదు. మూడు కుట్లు పడ్డాయి.

ఇంటికి వచ్చాక ఆమె అన్నది: "పేపరు ఎడమ కంటి వైపుకు జరుపుకుని చదువుతుంటే చూస్తూనే ఉన్నాను. మీరే చెబుతారని ఊరుకున్నాను." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి నెలలోనే ఆపరేషను చేయించుకున్నాను. రాత్రిపూట స్టీరింగు మళ్ళీ పట్టలేదు.

తుక్కుకు వేసేయమని మా అబ్బాయి అంటాడు. నేను 2023లో అయిదు వేలు కట్టి ఆర్.సి. మరో అయిదేళ్ళకు రెన్యూవల్ చేయించాను. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025లో ఆ ఫీజు పదివేలు చేశారు కనుక 2028 సంగతి అప్పుడు చూద్దాం. ప్రస్తుతానికి ఆదివారం పొద్దున ఆరున్నరకు కొండ దాకా ఒక చుట్టు. మా ఆవిడ తన బెల్టు పెట్టుకుని, నాది కూడా చూసి, అప్పుడు తాళంచెవి చేతికిస్తుంది. మీలో ఎవరైనా వస్తామంటే వెనుక సీటులో ఇద్దరికి చోటుంది. సెలవు.