నడుం నొప్పి వెనక ఏముంది?
మైలోమాతో బతుకుతున్న స్త్రీలూ, సమాచార హక్కూ

(స్త్రీల ఆరోగ్యంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కుల గురించి మనం మాట్లాడుకున్నప్పుడల్లా కాన్పులూ, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లూ, అనవసరంగా తీసేస్తున్న గర్భసంచులూ ముందుకొస్తాయి. రావలసిందే. కానీ పిల్లలు కనే వయసు దాటిన స్త్రీ శరీరం గురించి వైద్యవ్యవస్థకి ఎంత ఆసక్తి ఉందో, మన సంఘాలకి కూడా దాదాపు అంతే ఉందని నాకనిపిస్తుంది. అందుకే ఇవాళ మల్టిపుల్ మైలోమా అనే ఒక్క జబ్బును పట్టుకుని మాట్లాడతాను. నేను డాక్టర్ని కాను, సామాజిక శాస్త్రం చదివినదాన్ని. మా అక్క ఆరేళ్ళుగా ఈ జబ్బుతో బతుకుతోంది. ఆమెతోపాటు తిరుగుతూ తెలుసుకున్నదీ, చదివి సరిచూసుకున్నదీ మీ ముందు పెడుతున్నాను.

ఎముకల లోపలి మూలుగలో ప్లాస్మా కణాలుంటాయి. రోగాల్ని ఎదుర్కొనే యాంటీబాడీలను తయారుచేయడం వాటి పని. అలాంటి కణం ఒకటి అదుపు తప్పి పెరిగి, పనికిరాని ఒకే రకం ప్రొటీన్‌ని కుప్పలుగా తయారుచేస్తే అది మైలోమా. రక్తం తగ్గిపోతుంది. ఎముకలు గుల్లబారి, వాటిలోని కాల్షియం రక్తంలోకి వచ్చి చేరుతుంది. ఆ ప్రొటీన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇది రక్తానికి సంబంధించిన కేన్సర్. పూర్తిగా నయమవడం అరుదు గానీ, ఇప్పుడున్న మందులతో చాలామంది ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా అరవై అయిదు దాటిన వాళ్ళలో కనిపిస్తుంది. మన దేశంలో ఆసుపత్రులకు వచ్చేవాళ్ళని చూస్తే, దాదాపు పదేళ్ళు ముందే వస్తోంది. అంటే ఇంటి బరువు ఇంకా దిగని వయసులో.

లక్షణాలు ఏమిటంటే నడుం నొప్పి, నీరసం, రక్తహీనత. మన పల్లెల్లో ఈ మూడూ ఎరగని ఆడమనిషిని చూపించండి! చిక్కంతా అక్కడే ఉంది. జబ్బు లక్షణాలూ, ఆడబతుకు లక్షణాలూ ఒకటైపోయిన చోట జబ్బు ఎవరికి కనిపిస్తుంది? మా అక్కది తెనాలి దగ్గర పల్లె. ఏడాదిన్నర పాటు నడుం నొప్పి అంటే, 'ముట్లుడిగాక ఇంతేనమ్మా' అన్నారు. ఊళ్ళో ఆరెంపీ నొప్పి తగ్గడానికి సూదిమందు ఇచ్చేవాడు. టౌన్లో డాక్టరు కాల్షియం బిళ్ళలు రాశాడు. ఇంట్లో వాళ్ళు పని తగ్గించుకోమన్నారు, తగ్గిన పని ఎవరు చేస్తారో మాత్రం చెప్పలేదు. మైలోమాలో రక్తంలో కాల్షియం అప్పటికే పెరిగి ఉండొచ్చు, దానిమీద బిళ్ళలు మింగడం ప్రమాదం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు దెబ్బతిన్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. చివరికి ఆమెకి జబ్బేమిటో తెలిసింది వాంతులూ, ముఖం వాపూ వచ్చి కిడ్నీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళినప్పుడు.

ప్రతి నడుం నొప్పీ మైలోమా అని భయపెట్టడం లేదు. ఇది అరుదైన జబ్బే. కానీ నెలల తరబడి తగ్గని నొప్పి, పడుకున్నా వదలని నొప్పి, ఐరన్ బిళ్ళలు వాడినా పెరగని రక్తం, మళ్ళీ మళ్ళీ వచ్చే నిమోనియా, చిన్న దెబ్బకే విరిగే ఎముక – ఇవి కలిసి కనిపిస్తే మనం గట్టిగా అడగాలి. రక్తంలో హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాల్షియం చూడడం ఏ చిన్న పట్టణంలోనైనా అయ్యే పని. వాటిలో తేడా ఉంటే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష చేయించమని అడగాలి. ఈ పేరు కాగితం మీద రాసి ఇవ్వగల కార్యకర్త ఒకరు మండలంలో ఉన్నా చాలా తేడా వస్తుంది.

ఇక చాకిరీ సంగతి. కీమోథెరపీ వార్డు బయట కూర్చున్నప్పుడు లెక్కపెట్టడం నా వృత్తి అలవాటు. నేను చూసినంతలో మగరోగి పక్కన భార్య ఉంటుంది. ఆడరోగి పక్కన కూతురో, చెల్లెలో, ఒక్కోసారి ముసలి తల్లో ఉంటుంది. మా బావగారు మంచివారే, డబ్బు దగ్గర వెనకాడలేదు. కానీ డెక్సామెథసోన్ వేసుకున్న రాత్రి నిద్రపట్టని అక్క తెల్లవారుజామున నాలుగింటికి లేచి అంట్లు తోముతుంటే అది ఆయనకి జబ్బులో భాగంగా కనిపించలేదు, అలవాటులో భాగంగా కనిపించింది. ఆసరా అంటే ధైర్యం చెప్పడం అనుకుంటాం. రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగిందా లేదా చూసేవాళ్ళు, బరువు ఎత్తనివ్వని వాళ్ళు, జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు కావాలి.

ఈ జబ్బు చరిత్రలో సంరక్షకులైన స్త్రీలు చేసిన పని చాలా ఉంది. వైద్య పుస్తకాల్లో అది తక్కువ. 1990లో అంతర్జాతీయ మైలోమా ఫౌండేషన్‌ని అమెరికాలో స్థాపించిన వాళ్ళలో బ్రయన్ నోవిస్ అనే రోగీ, ఆయన భార్య సూజీ ఉన్నారు. ఆయన 1992లో పోయాక ఆమే దాన్ని నడిపింది. బెత్ వోల్మర్ అనే మరొక స్త్రీ, భర్తకి మందులు పనిచేయనప్పుడు, కణితులకి రక్తనాళాలు పెరగకుండా ఆపడంపై పరిశోధిస్తున్న జుడా ఫోక్‌మన్‌కి ఫోన్ చేసింది. ఆయన థాలిడొమైడ్ పేరు చెబితే, దాన్ని వాడి చూడమని ఆర్కన్సాలోని డాక్టర్లను పట్టుబట్టి ఒప్పించింది. ఆమె భర్త బతకలేదు. కానీ తర్వాతి రోగుల్లో అది పనిచేసింది, 1999లో ఆ ఫలితాలు ప్రచురించారు. అదే వరసలోని మందు లెనలిడొమైడ్. ఇవాళ మా అక్క వాడుతున్నది అదే.

థాలిడొమైడ్ అనగానే మనకు వేరే జ్ఞాపకం ఉంది. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికొచ్చి, గర్భిణుల వేవిళ్ళకి కూడా వాడి, వేలాదిమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా లేకుండా పుట్టాక 1961లో వెనక్కి తీసుకున్న మందు అది. కాబట్టి గర్భం రాగల వయసులో ఉన్న స్త్రీకి ఈ మందులు ఇచ్చేటప్పుడు పరీక్షలూ, గర్భనిరోధం తప్పనిసరి. మందు వాడుతున్న మగవాళ్ళు కండోమ్ వాడాలి. ఆ మాట వాళ్ళకి ఎందరు చెబుతున్నారో కనుక్కోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ గొట్టాలు విప్పకూడదు, ముట్టుకోకూడదు. వివరంగా చెప్పి, అర్థమయ్యాక ఒప్పుకోవడం అనేది మనకి కొత్త డిమాండు కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ సూదిమందు ప్రయోగం జరిగినప్పుడు దీనిమీదే కదా స్త్రీశక్తి సంఘటన, మరికొన్ని సంఘాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి!

ధర సంగతి కూడా రాజకీయమే. లెనలిడొమైడ్ గొట్టం ఒక్కొక్కటి 2005లో అమెరికాలో 215 డాలర్లకి మొదలైంది. సెల్జీన్ కంపెనీ 22 సార్లు ధర పెంచి 719 డాలర్లు చేసిందని 2020లో అక్కడి కాంగ్రెస్ కమిటీయే తేల్చింది. అదే మందును మన హైదరాబాదులో నాట్కో లాంటి కంపెనీలు తయారుచేస్తాయి, ఇక్కడ దాని ధర అందులో చిన్న భాగం. అయినా నెలనెలా కొనాలంటే కూలి చేసుకునే ఇంటికి బరువే.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది? పేరున్నవాళ్ళు నోరు విప్పడం కొంత మేలు చేసింది. 'టక్కరి దొంగ'లో నటించిన లీసా రే 2009లో ముప్ఫయ్యేడేళ్ళ వయసులో తనకీ జబ్బు ఉందని చెప్పింది, 2019లో 'క్లోజ్ టు ద బోన్' అని ఆత్మకథ రాసింది. అమెరికాలో ఉపాధ్యక్ష పదవికి ఒక పెద్ద పార్టీ నిలబెట్టిన తొలి స్త్రీ జెరాల్డీన్ ఫెరారో 2001లో బయటపెట్టి, పరిశోధనకి నిధులివ్వమని సెనేట్ ముందు వాదించింది. ఇవి చదివితే ఒంటరితనం తగ్గుతుంది. మందు ఏది వాడాలో మాత్రం వాటినుంచి నేర్చుకోకూడదు. అంతర్జాతీయ ఫౌండేషన్ ప్రచురణలు నమ్మదగినవే, కానీ అలాంటి సంస్థలకి మందుల కంపెనీల నిధులు వస్తాయని గుర్తుపెట్టుకుని చదవాలి. ఏది చదివినా ఎవరు రాశారు, డబ్బెవరిది, ఏ సంవత్సరానిది అని చూడాలి. ఈ జబ్బులో పదేళ్ళనాటి పుస్తకం చెప్పే ఆయుర్దాయపు లెక్క ఇవాళ్టి రోగిని అనవసరంగా ఏడిపిస్తుంది. కేన్సర్‌ని తీసేస్తామనే పసరు మందులవాళ్ళ దగ్గర ఒక్కటే అడగండి: కిడ్నీ పాడైతే బాధ్యత ఎవరిది?

ఇక మన దగ్గర ఉన్నవి. హైదరాబాదులో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి, మూలకణ మార్పిడి కూడా చేసే నిమ్స్, తిరుపతిలో స్విమ్స్, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ఉన్నాయి. రాయలసీమవాళ్ళు చాలామంది వెల్లూరు సీఎంసీకి వెళతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ప్రభుత్వాలతో పాటు పేర్లు మారుతూ వచ్చినా, రెండు రాష్ట్రాల్లోనూ కేన్సర్ చికిత్సకి వర్తిస్తుంది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి ముందే వెళ్ళి ఏ మందు ప్యాకేజీలో ఉందో, ఏది లేదో అడగాలి. లేనిదానికి ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టొచ్చు. రైల్లో చికిత్సకి వెళ్ళే కేన్సర్ రోగికి స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ ఛార్జీ లేదు, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ ఉంది. ఆసుపత్రి సంతకం చేసిన ఫారం కావాలి.

కేసు కాగితాలు మీవి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఫైలు బీరువాలో మగవాళ్ళ దగ్గర కాకుండా రోగి చేతికి అందేలా ఉండాలి. మా అక్క పదో తరగతి చదివింది. తన క్రియాటినిన్ ఎంతో, ఏ నెలలో ఎంతుందో తనే నోటుపుస్తకంలో రాసుకుంటుంది, తేడా వస్తే డాక్టరు కంటే ముందు తనే చెబుతుంది.

నొప్పి గురించి చెప్పి ఆపుతాను. ఎముకల నొప్పిని భరించడం స్త్రీ సహనానికి గుర్తు అనే మాట ఇంకా వింటున్నాం. నోటితో వేసుకునే మార్ఫిన్ చవక. దాన్ని అందుబాటులోకి తేవడానికి 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని కూడా సవరించారు. ఎంఎన్‌జేలో నొప్పి ఉపశమన విభాగం ఉంది. చివరి రోజుల దాకా ఆగనక్కర్లేదు, జబ్బు తెలిసిన మొదటి నెలలోనే అక్కడికి పంపమని అడగొచ్చు. మీ జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ ఉందో లేదో వచ్చే సమావేశానికి కనుక్కుని రండి.