చక్రాల కుర్చీ ఇచ్చాం, మెట్ల సంగతి?



మన సంఘం ఏటా చేసే పనుల్లో రెండు అందరికీ తెలిసినవి. ఒకటి పిల్లలకు ఇచ్చే విద్యార్థి వేతనాలు. రెండోది నడవలేనివారికి ఇచ్చే చక్రాల కుర్చీలు, మూడు చక్రాల బండ్లు. ఈ రెండూ కలిసే చోటు విశ్వవిద్యాలయం గుమ్మం. అక్కడ మూడు మెట్లుండి, పక్కన వాలుదారి లేకపోతే మన రెండు దానాలూ కిందే ఆగిపోతాయి. మూడు ఊళ్ళ ఉపాధ్యాయులం కలిసి ఈ రోజు ఆ మూడు మెట్ల గురించే మాట్లాడాలనుకున్నాం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో నూటికి అయిదు సీట్లకు తక్కువ కాకుండా వికలాంగ విద్యార్థులకు కేటాయించాలి. నలభై శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ ఉన్న పిల్లలు ఆ దారిన వెళ్తున్నారు, సంతోషం. అయితే విశ్వవిద్యాలయానికి వచ్చేది విద్యార్థులొక్కరే కాదు. కూతుర్ని చేర్చడానికి తండ్రి వస్తాడు. పాత మార్కుల జాబితా కోసం పదేళ్ళ కిందట చదివినవారు వస్తారు. సదస్సుకు వచ్చే కవి ఉంటాడు, దూరవిద్య పరీక్ష రాసే గృహిణి ఉంటుంది. వీళ్ళకు ఏ కోటా అక్కర్లేదు. లోపలికి దారి ఉంటే చాలు.

మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయిని పీజీలో చేర్చడానికి పోలియో వచ్చిన ఆమె తండ్రి వెంట వెళ్ళాడు. కౌన్సెలింగ్ పై అంతస్తులో. లిఫ్టు ఉంది, దానికి తాళమూ ఉంది. ఫీజు సంగతి, హాస్టలు సంగతి తండ్రిని అడగడానికి ఆ పిల్ల నాలుగుసార్లు కిందికి దిగింది. తాళం ఎవరి దగ్గరుందో తెలిసేసరికి పని అయిపోయింది. అది కుప్పం కాదు. పేరు చెప్పడం మా ఉద్దేశమూ కాదు. లిఫ్టు పెట్టడానికి డబ్బు దొరికినచోట తాళంచెవి దొరకకపోవడమే మాకు అంతుపట్టని విషయం.

మదనపల్లెలో బిసెంట్ థియోసాఫికల్ కళాశాల 1915లో మొదలైంది. అంత పాత కాలం కట్టడాల గురించి ఎవరైనా, ఆ రోజుల్లో ఈ ఆలోచన ఎక్కడిదండీ అంటే వినవచ్చు. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం సంగతి వేరు. అది 1997లో ఏర్పడింది. వికలాంగుల కోసం దేశం చేసిన తొలి సమగ్ర చట్టం అంతకు ముందే, 1996 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ భవనాలకు వాలుదారి, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉండాలని ఆ చట్టమే చెప్పింది. కాబట్టి ఆ విశ్వవిద్యాలయం తన కోసం కట్టుకున్న ఏ భవనానికీ పాతది అనే సాకు లేదు. నిజమే, ఆ చట్టంలో ఆర్థిక స్తోమత మేరకు అనే మాట ఒకటి ఉండేది. ఆ మాట చాటున ఎన్ని మెట్లు లేచాయో! 2016 చట్టం ఆ సందు మూసేసింది. పాత భవనాలను సరిచేయడానికి నియమాలు వచ్చిన నాటి నుంచి అయిదేళ్ళు గడువిచ్చింది. ప్రభుత్వం ప్రత్యేకంగా పొడిగిస్తే తప్ప ఆ గడువు 2022 జూన్‌తో తీరిపోయింది.

రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. ఆ వ్యాజ్యంలో దేశంలోని పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇవ్వమని కోర్టు మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయాన్నే అడిగింది. 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, భవనాల కొలతలను వట్టి సూచనలుగా వదిలేసిన నియమం చట్టానికి విరుద్ధమనీ, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో తయారు చేయాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. పేర్లు మాత్రం వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని మారుతూ వచ్చాయి. మెట్లకు మారే అలవాటు లేదు.

కొలతలు కష్టమేమీ కాదు, ఏడో తరగతి లెక్కలు చాలు. మెట్టు ఎత్తు సుమారు ఆరంగుళాలు. మూడు మెట్లకు అడుగున్నర. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున వాలుదారి 18 అడుగులు ఉండాలి. మన ఊళ్ళలో దాన్ని అయిదారు అడుగుల్లో తేల్చేస్తారు. దాని మీద స్కూటరు ఎక్కుతుంది, చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి, వానకు జారే నున్నటి టైల్సు వేయకూడదు. తలుపు 900 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. చూపులేనివారికి బ్రెయిలీ బోర్డు, కాలికి తగిలి దారి చెప్పే గరుకు పలకలు కావాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మరుగుదొడ్డి. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరాలంటే వంద కిలోమీటర్ల పైమాట. పుంగనూరుకు రైలు లేదు. అక్కడ వీలుంటుందో ఉండదో అని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా బయలుదేరే ఆడవాళ్ళను మేము ఎరుగుదుం. వాళ్ళ కోసం కట్టిన గదిలో చీపుళ్ళు, బకెట్లు పెట్టి తాళం వేస్తే, ఆ గది కాగితం మీద ఉన్నట్టే లెక్క, మనిషికి లేనట్టే.

సూరా అబస సందర్భం మీ అందరికీ తెలుసు. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) చూపులేని మనిషి. ఖురైషు పెద్దలతో సంభాషణ జరుగుతున్న వేళ ఆయన వచ్చారు. ఆయన వైపు నుంచి ముఖం తిప్పడాన్ని అల్లాహ్ మందలించాడు. ఆయన వచ్చింది దానం అడగడానికి కాదు, నేర్చుకోవడానికి. ఆ తరువాత మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఆయనా అజాన్ ఇచ్చారు. దైవప్రవక్త (స) ప్రయాణాల్లో ఉన్నప్పుడు మదీనాలో నమాజు చేయించే బాధ్యత ఆయనకు అప్పగించిన సందర్భాలున్నాయి. దారిలోని అడ్డు తొలగించడం కూడా సదఖాయే అని మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం. మెట్టును అడ్డుగా లెక్కపెట్టడమే ఇంకా అలవాటు కాలేదు.

అందుకని మా మనవి ఇది. విద్యార్థి వేతనం ఇచ్చేటప్పుడు, పిల్లల ఇంట్లో నడవలేనివారు, చూపులేనివారు ఎవరైనా ఉన్నారా అని ఫారంలో ఒక గడి చేర్చండి. ఉంటే, వాళ్ళు చేరబోయే సంస్థకు సంఘం తరఫున ముందే ఒక ఉత్తరం రాద్దాం: ఫలానా తేదీన వస్తున్నారు, కౌన్సెలింగ్ బల్ల కింది అంతస్తులో వేయండి, లిఫ్టు తాళం తీసి ఉంచండి అని. దీనికి రూపాయి ఖర్చు లేదు. భవనాల సంగతి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఎన్ని భవనాలను పరిశీలించారు, ఎన్ని మరుగుదొడ్లు వాడకంలో ఉన్నాయి, లిఫ్టు తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని అడుగుదాం. జవాబు సరిగా లేకపోతే వికలాంగుల రాష్ట్ర కమిషనర్ ఉన్నారు. అడిగేటప్పుడు మర్యాదగానే అడుగుదాం. విశ్వవిద్యాలయం వాళ్ళూ మన పిల్లలకు చదువు చెప్పేవాళ్ళే కదా.

ఇక మనవైపు. షాదీఖానా కట్టినా, మసీదులో వుజూ చేసే చోటు మార్చినా, ప్లాను మేస్త్రీకి ఇవ్వకముందే మాకు ఒకసారి చూపించండి. టేపు మేమే తెస్తాం.