పసిబిడ్డ ఏడుపు – పెద్దల ఓర్పు



పసిబిడ్డ గుక్కపెట్టి ఏడిస్తే మన పల్నాడు ఇళ్లలో ముందు దిష్టి తీస్తాం. తీయండి, కాదనను. వస, ఆముదం, గ్రైప్‌వాటర్ మాత్రం పోయకండి. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ ఏడుపు రెండో వారం నుంచి పెరిగి, ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. పాలు తాగాక త్రేన్పు తెప్పించి, భుజాన వేసుకుని తిప్పండి. విసుగొచ్చినా బిడ్డను కుదపకండి, మెదడుకు ప్రమాదం. చాపమీద వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు పక్కకు వెళ్లండి. 100.4 డిగ్రీల జ్వరం, పాలు తాగకపోవడం, పసరు వాంతి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నరసరావుపేటలో మా మనవరాలు పురిటికి వచ్చినప్పుడు, రాత్రి పదింటి నుంచి పన్నెండింటిదాకా బిడ్డను నేనే ఎత్తుకునేవాణ్ణి. బాలింతకు ఆ రెండు గంటల నిద్రే మందు. రిటైరైన మనకు ఇంతకన్నా మంచి డ్యూటీ ఏముంది? సెలవు.